సంక్రాంతి కబడ్డీ పోటీలకు ఎనిమిది వారాల్లో ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి

దీపావళి వెళ్లిందంటే చాలు, మన వైపు కుర్రాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. “అన్నా, రోజూ పొద్దున్నే లేచి ఐదు కిలోమీటర్లు పరిగెత్తుతున్నా. అయినా కూతకు వెళ్తే 20 సెకన్లకే కాళ్లు బరువెక్కుతున్నాయి. ఏం చేయాలి?” ఒంగోలు వాళ్లు అడిగినా, కావలి వాళ్లు అడిగినా, కనిగిరి పక్క పల్లెల వాళ్లు అడిగినా ఇదే మాట. అమ్మాయిల జట్లదీ ఇదే బాధ. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను.

మీ కాళ్లలో లోపం లేదు. మీరు తయారవుతున్నది పరుగుపందేనికి, ఆడుతున్నది కబడ్డీ. కూత 30 సెకన్లే. ఆ 30 సెకన్లూ నడుము వంచి, పక్కలకు కదులుతూ, ఆగుతూ, తిరుగుతూ, నోటితో కూత ఆపకుండా ఉండాలి. చివర్లో ఇద్దరు ముగ్గురు పట్టుకుంటే వాళ్లను ఈడ్చుకుంటూ గీత అందుకోవాలి. జట్టులో ప్రధాన రైడర్ ఒక మ్యాచ్‌లో 15, 20 సార్లు కూతకు వెళ్లడం మామూలే. బండలాగుడు పందేనికి గిత్తల్ని మేపే రైతు వాటిని ఊరి చుట్టూ తిప్పి ఊరుకోడు, కాడి వేసి బండ లాగిస్తాడు. మీరూ అదే చేయాలి.

ఎనిమిది వారాలంటే నవంబరు మధ్యలో మొదలుపెడితే సంక్రాంతికి సరిపోతుంది. 16 ఏళ్లలోపు వాళ్లు కింద చెప్పిన టైరు, ఇసుక బస్తా పనులు వదిలేసి ఒంటి బరువుతో చేసేవి మాత్రమే చేయండి. గుండె జబ్బు, ఆయాసం, ఫిట్స్ ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

కావలసినవి

- చదునైన నేల. కళ్లమైనా, స్కూల్ గ్రౌండైనా సరే. పల్లేరు కాయలు, గాజు పెంకులు ఏరేయండి.
- గీతలకు సున్నం, కొలవడానికి టేపు
- పాత కారు టైరు, ఆరేడు మీటర్ల మోకు, నడుముకు చుట్టుకోవడానికి మందపాటి తువ్వాలు
- రెండు గోనె సంచులు, ఇసుక
- స్టాప్‌వాచ్, వీడియో ఉన్న ఫోను
- మీ బరువుకు దగ్గరగా ఉన్న జోడీ ఒకరు. ఇది చాలా ముఖ్యం. ఒంటరిగా చేస్తే సగం పనులు కుదరవు.

జిమ్ ఉంటే మంచిదే. లేకపోయినా ఏ పనీ ఆగదు.

1. ముందు గీతలు గీయండి

మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. సగం గీసుకుంటే చాలు. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దగ్గర బాక్ లైన్ (కూతకు వెళ్లినవాడు ఎవరినీ తాకకపోతే దాటి తీరాల్సిన గీత), అక్కడి నుంచి మరో మీటరు దూరంలో బోనస్ లైన్ (దాటి పాదం వేస్తే అదనపు పాయింట్ ఇచ్చే గీత). అమ్మాయిలకు కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, బాక్ లైన్ 3 మీటర్ల దగ్గర. అడుగులతో ఉజ్జాయింపుగా గీయకండి. మీ కాళ్లు ఆ దూరానికే అలవాటు పడతాయి. రేపు అసలు కోర్టులో బోనస్‌కు కాలు వేస్తే జానెడు తగ్గుతుంది.

2. మొదటి రోజే మిమ్మల్ని మీరు కొలుచుకోండి

నాలుగు లెక్కలు రాసి పెట్టుకోవాలి. ఇవే నాలుగో వారం చివర ఒకసారి, ఎనిమిదో వారం మొదట్లో ఒకసారి మళ్లీ చూస్తారు.

ఒకటి: మధ్య గీత నుంచి బాక్ లైన్‌కు, మళ్లీ వెనక్కు, కూత పెడుతూ 30 సెకన్లలో ఎన్ని గీతలు తాకారో లెక్కపెట్టండి. 30 సెకన్లు ఆగి మళ్లీ చేయండి. ఇలా ఆరుసార్లు. మొదటిసారి 16 తాకి ఆరోసారి 15 తాకితే బాగున్నట్టు. 16 కాస్తా 12కు పడిపోతే మీ సమస్య తేరుకోలేకపోవడం, నాలుగో మెట్టు మీద ఎక్కువ పనిచేయాలి. మొదటిసారే తక్కువ వస్తే కాళ్లలో బలం చాలదు, మూడో మెట్టు మీకు ముఖ్యం.

రెండు: ఒంటికాలి మీద నిలబడి ముందుకు దూకి, అదే కాలి మీద తూలకుండా ఆగండి. రెండు కాళ్ల దూరాలూ కొలవండి. ఒక కాలి దూరం రెండోదానిలో పదో వంతుకు మించి తగ్గితే ఆ కాలిని ముందు సరిచేయాలి. పాత దెబ్బ ఉన్న కాలు ఇక్కడ దొరికిపోతుంది.

మూడు: కూత రికార్డు చేయండి. ఎలాగో నాలుగో మెట్టులో ఉంది.

నాలుగు: పొద్దున మంచం దిగకముందే నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూడండి. వారం రోజులు చూస్తే మీ మామూలు లెక్క తెలుస్తుంది. తర్వాత ఎప్పుడైనా వరసగా రెండు రోజులు ఎనిమిదో పదో ఎక్కువ ఉందంటే ఒళ్లు తేరుకోలేదు, లేదా జ్వరం వచ్చేలా ఉంది. ఆ రోజు తేలిక పని చేయండి.

3. మొదటి రెండు వారాలు: కాళ్లు, గజ్జలు, నడుము

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించాలి: నెమ్మదిగా పరుగు, పక్క అడుగులు, కాళ్లు ఊపడం, చిన్న గెంతులు.

- బస్కీలు 3 విడతలు, విడతకు 15. మడమ లేవకూడదు.
- ముందుకు అడుగేసి కూర్చోవడం, పక్కకు అడుగేసి కూర్చోవడం: ఒక్కో కాలికి 8 చొప్పున 3 విడతలు. పక్కకు వేసేది వదలొద్దు. కబడ్డీలో సగం కదలిక పక్కలకే.
- తొడ వెనక కండరానికి: మడతపెట్టిన గోనె మీద మోకాళ్ల మీద నిలబడండి. జోడీ మీ చీలమండలు నొక్కి పట్టుకోవాలి. మోకాలి నుంచి తల దాకా ఒకే గీతలో ఉంచి, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలి చివర్లో చేతులు ఆనించండి. చేతులతో నెట్టుకుని పైకి రండి. 2 విడతలు, విడతకు 4 చాలు. వారానికి రెండుసార్లే. మొదటి వారం తొడలు బాగా పట్టేస్తాయి, కంగారు పడకండి.
- గజ్జలకు: పక్కకు పడుకుని మోచేతి మీద లేచి, పై కాలు అరుగు మీదో బల్ల మీదో పెట్టి నడుము ఎత్తి ఉంచండి. ఒక్కో వైపు 15 సెకన్లు, మూడుసార్లు. రైడర్లకు గజ్జలు పట్టేయడం ఎంత మామూలో ఆడేవాళ్లకు తెలుసు.
- దండీలు 3 విడతలు, పిక్కల కోసం ఒంటికాలి మీద మునివేళ్లతో లేవడం 3 విడతలు.
- మెడ: అరచేయి నుదుటికి ఆనించి తల కదలకుండా రెండూ ఎదురెదురు నొక్కండి, 10 సెకన్లు. అలాగే వెనక, రెండు పక్కలా. తల నేలకు ఆనించి ఒంటి బరువంతా మెడ మీద వేసే పాత పద్ధతి వద్దు.

మూడో వారం నుంచి వీటిని వారానికి రెండు రోజులకు తగ్గించండి. ఆపేయకండి.

ఇప్పుడే ఆగడం, తిరగడం కూడా నేర్చుకోవాలి. నాలుగు మీటర్లు వేగంగా వెళ్లి, రెండు మూడు చిన్న అడుగులతో నడుము దించి ఆగి, వెనక్కు తిరగండి. ఎదురుగా ఫోను పెట్టి వీడియో తీసి చూడండి. ఆగిన క్షణంలో మోకాలు పాదం వేళ్ల వైపే ఉందా, లోపలికి పడుతోందా? లోపలికి పడుతుంటే వేగం సగానికి తగ్గించి మళ్లీ మొదటి నుంచి. కబడ్డీలో ఈ కదలికలో మోకాలి లిగమెంట్ తెగడం చూస్తాం. ఎవరూ ముట్టుకోకుండానే తెగుతుంది కూడా.

4. మూడో వారం నుంచి: 30 సెకన్ల కూతలు

ఈ మొత్తంలో ప్రాణం లాంటి మెట్టు ఇదే. ఇంకేం చేయలేకపోయినా ఇది చేయండి.

మధ్య గీత దగ్గర నిలబడి, గీత దాటకముందే కూత ఎత్తుకోండి. దాటాక ఎత్తుకుంటే మ్యాచ్‌లో ఎదుటి జట్టుకు పాయింట్ ఇస్తారు. బాక్ లైన్ దాటి, ఎదురుగా ఆరుగురు ఉన్నట్టు ముఖం అటే ఉంచి, ఎడమ మూల నుంచి కుడి మూలకు పక్క అడుగులు. ఒకసారి చేయి చాచాలి, ఒకసారి కాలు చాచాలి, ఒకసారి బోనస్‌కు పాదం వేయాలి. బోనస్ గీత అవతల పాదం ఆనినప్పుడు వెనక కాలు గాల్లో ఉండాలి. అంటే ఒంటికాలి మీద నిలకడ కావాలి, మూడో మెట్టు పని ఇక్కడ కనిపిస్తుంది. 25వ సెకనుకు జోడీ చప్పట్లు కొట్టగానే వెనక్కు దూకుడు.

- 3, 4 వారాలు: 6 కూతలు, మధ్యలో 2 నిమిషాల విరామం
- 5, 6 వారాలు: 8 కూతలు, 90 సెకన్ల విరామం
- 7వ వారం: 5 కూతలు, 5 నిమిషాల ఆగు, మళ్లీ 5 కూతలు. మధ్యలో 60 సెకన్లే విరామం.

వారానికి రెండుసార్లు చాలు. విరామంలో కూలబడకుండా నడవండి.

ఇక కూత సంగతి. చాలామంది అరుస్తారు. అరిస్తే ఊపిరి పది సెకన్లకే ఖాళీ. మామూలు గొంతుతో, ఒకే తూకంలో, పెదవుల దగ్గర పలకాలి. ఫోను జేబులో పెట్టుకుని రికార్డు చేసి, ఆటతో సంబంధం లేని వాళ్లకు వినిపించండి. మొదట్లో “కబడ్డీ కబడ్డీ” అని స్పష్టంగా ఉన్నది 18, 20 సెకన్ల దగ్గర “బడీ బడీ” అయిపోతుంది, ఆ తర్వాత ఉత్త మూలుగు మిగులుతుంది. రెఫరీ ఈల వేసేది అక్కడే. ఎన్నో సెకను దగ్గర మాట చెడిందో రాసుకోండి. ఎనిమిది వారాల్లో అది 28 దాటాలి. కదలకుండా నిలబడి కూత ఎంతసేపు పెట్టగలిగితే ఏం లాభం? కదులుతూ పెట్టిందే లెక్క.

5. ఐదో వారం నుంచి: లాగుడు

తువ్వాలు నడుముకు చుట్టి దాని మీద మోకు కట్టండి, ఉత్త మోకు ఒరుసుకుపోతుంది. వెనక టైరు, అందులో అవసరాన్ని బట్టి ఇసుక సంచి. బాక్ లైన్ దగ్గర నుంచి నడుము బాగా దించి, అవసరమైతే చేతులు నేలకు ఆనించి, మధ్య గీత అందుకునేదాకా ఒక్క ఊపున లాగాలి. 6 సార్లు, మధ్యలో నిమిషంన్నర. 4 మీటర్లు లాగడానికి ఐదారు సెకన్లు మించి పడుతుంటే బరువు ఎక్కువైనట్టు, తగ్గించండి.

తర్వాత జోడీతో. మీరు బోర్లా పడండి, జోడీ ఒక చీలమండ పట్టుకోవాలి. మీటరు దూరంలో గీత. మోచేతులు, రెండో కాలు వాడి గీతకు వేళ్లు తాకించాలి. ఒక్కోసారి 8 సెకన్లకు మించకూడదు, కాలికి 4 సార్లు. జోడీకి ముందే గట్టిగా చెప్పండి: పట్టుకోవాలే కానీ కాలు మెలితిప్పకూడదు, “వదులు” అనగానే వదిలేయాలి. పౌరుషానికి పోయి ఇక్కడ కాళ్లు విరగ్గొట్టుకున్న జట్లు ఉన్నాయి.

6. పట్టుకునే వాళ్లకు

డిఫెండర్లకు కూతల సంఖ్య సగం చేసి, బదులు ఇవి:

- జోడీ చేయి గొలుసులా పట్టుకుని, సగం కూర్చున్న భంగిమలో పక్కలకు కదలడం, 30 సెకన్ల చొప్పున 6 సార్లు. మూడోవాడు ఎదురుగా రైడర్‌లా ఆడించాలి.
- తడి తువ్వాలు వేపకొమ్మ మీద వేసి రెండు చివరలూ పట్టుకుని వేలాడడం, 15 సెకన్లు, 4 సార్లు. చీలమండ పట్టు జారిపోతోందని బాధపడేవాళ్లకు ఇది మందు.
- 20, 25 కిలోల ఇసుక బస్తాను తొడ పట్టు పట్టినట్టు కావలించుకుని లేచి పది మీటర్లు నడవడం, 4 సార్లు. నడుము గుండ్రంగా వంగితే బరువు తగ్గించండి.
- కవర్ ఆడేవాళ్లకు (మధ్యవాడికి అటూ ఇటూ ఉండేవాళ్లకు) డ్యాష్, అంటే రైడర్‌ను ఒంటితో గుద్ది బయటకు నెట్టడం: ఊక నింపిన గోనెను నడుము ఎత్తున వేలాడదీసి భుజంతో కొట్టాలి. తల పక్కకు ఉండాలి, చూపు ముందుకు. నేల చూస్తూ తలతో వెళ్తే మెడ పోతుంది.

7. వారం ఎలా పంచుకోవాలి

మూడో వారం నుంచి మంగళ, శనివారాలు కూతలు, ఐదో వారం నుంచి వాటితోపాటు లాగుడు కూడా. గురువారం బలం పని. రెండో బలం పని ఆదివారం ఆట ప్రాక్టీసు తర్వాత కొంచెంగా. బుధ, శుక్రవారాలు టచ్, పట్టు మెళకువలు, తేలిగ్గా. సోమవారం సెలవు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్లకు ఇది కలిసొస్తుంది.

అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు చాలామంది అడుగుతారు. పగలు ఒక్కపూట భిక్ష, రాత్రి అల్పాహారం మీద కఠినమైన కూతలు రోజూ చేస్తే నీరసపడతారు. కఠినమైన పని వారానికి రెండు రోజులకే పరిమితం చేసి సాయంత్రం పూట చేయండి. ఒట్టి కాళ్లతో ఉంటారు కాబట్టి వరి కోసిన మోళ్లలో పరుగులు వద్దు.

ఇంకొకటి వాన. మన ప్రకాశం, నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిందంటే నాలుగు రోజులు గ్రౌండ్ బురద. తడి నల్లరేగడిలో ఆగడం, తిరగడం అస్సలు చేయకండి. పాదం ఇరుక్కుంటుంది, మోకాలు తిరిగిపోతుంది. ఆ రోజుల్లో స్కూలు వరండాలోనో ఇంటి పంచలోనో మూడో మెట్టు పనులు, తువ్వాలు వేలాడడం, నిలబడిన చోటే మోకాళ్లెత్తుతూ 30 సెకన్ల కూతలు చేసుకోవచ్చు.

కొత్తపట్నం, మైపాడు దగ్గరి వాళ్లకు సముద్రపు ఇసుక ఉంది. వారానికి ఒక్కసారి, 15 నిమిషాలు మించకుండా. మెత్తటి ఇసుకలో పిక్కలకు, మడమ నరానికి పని బాగా పెరుగుతుంది, ఒక్కసారిగా ఎక్కువ చేస్తే నెల రోజులు కుంటాలి. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వెళ్లినంత దూరం తిరిగి రండి. తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు అటు వెళ్లొద్దు.

తరచూ జరిగే పొరపాట్లు

రోజూ దూరప్పరుగు. వారానికి ఒకసారి 20 నిమిషాలు మెల్లగా పరిగెత్తితే చాలు. అంతకు మించితే కాళ్లలో చురుకు పోతుంది.

అద్దం ముందు కనిపించే కండలే పెంచడం. చేతులు ఉబ్బుతాయి, తొడ వెనక ఏమీ ఉండదు. ఆ కండరం పట్టేస్తే సీజన్ పోయినట్టే.

మట్టిలో ప్రాక్టీసు చేసి మ్యాట్ మీద ఆడడం. మట్టిలో పాదం కొంచెం జారుతుంది. మ్యాట్ మీద షూ వేసుకుంటే పట్టేసి నిలుస్తుంది, ఆ కుదుపంతా మోకాలికి వెళ్తుంది. పోటీ మ్యాట్ మీదయితే కనీసం రెండు వారాల ముందు నుంచి ఆ షూతోనే తిరగడం, ఆగడం అలవాటు చేసుకోండి.

బరువు తగ్గించడానికి నీళ్లు మానేయడం. సీనియర్ మగవాళ్లకు 85 కిలోలు, ఆడవాళ్లకు 75 కిలోల పరిమితి ఉంది. ఊరి పోటీల్లో 55, 65 అని నిర్వాహకులు పెట్టుకుంటారు. ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని చెమట కార్చి తూకం దాటినవాడు మూడో కూతకే పిక్కలు పట్టి కింద పడతాడు. తగ్గాలంటే మొదటి వారం నుంచి వారానికి అరకిలో చొప్పున తిండితో తగ్గండి.

తిండి పెద్ద విద్య కాదు. మూడు పూటలా అన్నమో సంగటో, పప్పు, రెండు మూడు గుడ్లు. కార్తీకంలో గుడ్డు ముట్టనివాళ్లకు మన ప్రకాశం శనగలు ఉన్నాయి, నానబెట్టి ఉడికించి గుప్పెడు, దాంతో పెరుగు. ప్రాక్టీసుకు ముందు, తర్వాత తూకం చూసుకోండి. ఒక కిలో తగ్గితే దాదాపు లీటరు నీళ్లు పోయినట్టే, ఉప్పు వేసిన మజ్జిగతో తిరిగి నింపండి. జిమ్‌లో ఎవరో ఇచ్చే పేరులేని పొడులు, ఇంజెక్షన్లు ముట్టొద్దు.

దెబ్బ తగిలితే

చీలమండ బెణికి నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. మోకాల్లో “టప్” మని వినిపించి, కొన్ని గంటల్లో వాచిందంటే ఎముకల డాక్టరు దగ్గరికే. మర్దన, నాటు కట్టు వద్దు. లిగమెంట్ తెగిన మోకాలిని మర్దన చేయిస్తూ నెలలు గడిపేస్తే లోపలి గుజ్జు కూడా పాడవుతుంది. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, జరిగింది గుర్తులేకపోయినా ఆ రోజుకు ఆట బంద్, ఆస్పత్రికి వెళ్లాలి.

8. చివరి వారం, పోటీ రోజు

ఎనిమిదో వారం మొదటి రోజు కొలతలు చూసుకున్నాక పని సగానికి తగ్గించండి. కూతలు 4 చాలు, కానీ వేగం తగ్గకూడదు. టైరు మూలన పెట్టేయండి. కొత్తది ఏదీ మొదలుపెట్టొద్దు. గోళ్లు కత్తిరించుకోండి, ఒంటికి నూనె రాయొద్దు, రెండూ నిబంధనలే.

మన దగ్గర పోటీలు చాలావరకు రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద. మీ మ్యాచ్ ఎనిమిదికి అంటారు, పదకొండుకు పిలుస్తారు. మంచు పడి నేల జారుతుంటుంది, ఒళ్లు చల్లబడి ఉంటుంది. రాత్రి పెట్టే బిర్యానీ ఆట అయ్యాక తినండి. ముందు రెండు గంటలకు ఇడ్లీయో, అరటిపండ్లో. ఎన్ని గంటలకు అన్నారో దాన్ని బట్టి కాకుండా, మీ ముందు మ్యాచ్ రెండో సగం మొదలవగానే వేడెక్కడం మొదలుపెట్టండి.

ఔటై బయట కూర్చున్నప్పుడు కూడా ఒంటి మీద తువ్వాలు కప్పుకుని, కూర్చున్న చోటే మడమలు, మోకాళ్లు ఆడిస్తూ ఉండండి. ఐదారు నిమిషాలు చల్లబడి కూర్చుని, లోపలికి రాగానే కూతకు ఎగబడితే తొడ వెనక పట్టేస్తుంది. మీ వంతు రాగానే రెండు మూడు గెంతులు వేసి, మొదటి కూత వేరేవాళ్లకు వదిలి, రెండోదానికి మీరు వెళ్లండి.